ఆ నిమ్మమొక్కని పీకెయ్యకే, అమ్మడూ

మొన్న మీ మేడమీద ఆ నిమ్మమొక్కని చూసి నా ప్రాణం ఉసూరుమంది. సగం ఆకు రాలిపోయింది, మిగిలిందేమో పసుపుపచ్చగా వేలాడుతోంది. "ఇంకిది బతకదు పెద్దమ్మా, పీకేసి క్రోటన్ పెట్టేస్తాను" అన్నావు. అప్పుడు నేనేమీ అనలేదు గానీ, ఇంటికొచ్చాక కూడా మనసు దానిమీదే ఉండిపోయింది. అందుకే ఇలగ రాస్తున్నాను. పీకెయ్యకు తల్లీ.

ముందు కాండాన్ని గోటితో కొంచెం గీరి చూడు. లోపల పచ్చగా, తడిగా ఉంటే అది బతికున్నట్టే. కొమ్మ చివర ఎండిపోతే గీరుకుంటూ కిందకి రా. పచ్చదనం తగిలినచోట ఆపి, అక్కడికి కత్తిరించెయ్.

ఆకు రాలినంత మాత్రాన చావదని నాకెలా తెలుసంటావా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. ఆ గాలికి మా మేడమీద నిమ్మకుండీ దొర్లిపోయి ముక్కలైంది. పొద్దున్న చూస్తే చెట్టుకి ఒక్క ఆకు లేదు. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగి జనం గుండెలు బాదుకుంటున్న రోజులవి. కుండీ మొక్క గురించి ఎవరితోనూ అనలేదు. వేళ్లకి తడి గోనెగుడ్డ చుట్టి నీడన పెట్టాను. కరెంటు లేక నూతిలో తోడుకున్న నీళ్లలోనే దానికీ ఇన్ని పోశాను. దీపావళి నాటికి కణుపు కణుపుకీ చిగురు! ఇప్పుడు మా పెరటి గోడవార ఉన్నది ఆ చెట్టే. నువ్వు తిన్న పులిహోరలో పిండింది దాని కాయలే. అప్పట్నుంచీ తుఫాను హెచ్చరిక వినగానే మేడమీది కుండీల్ని గోడ మూలకి జరిపి, ముందే పక్కకి పడుకోబెట్టేస్తున్నాను.

నీ మొక్కకి ఏటయ్యిందో కుండీ కదిపితేనే తెలిసిపోయింది. బండలా బరువుగా ఉంది, కింద పళ్లెంలో నీళ్లు నిలిచి ఉన్నాయి. పొద్దున్న చెంబెడు, సాయంత్రం చెంబెడు పోస్తున్నావట. ప్రేమకొద్దీ పోస్తున్నావని నాకు తెలుసు. కానీ నిమ్మవేరుకి నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. నీళ్లు నిలిచిన మట్టిలో వేరు కుళ్లిపోతుంది. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు, ఆకు వాడిపోతుంది. వాడింది కదా అని నువ్వు ఇంకో చెంబు పోస్తావు! ఆ పళ్లెం ఈరోజే తీసెయ్. కుండీని మూడు ఇటుకల మీద పెట్టు. నీళ్లు పొయ్యాలో వద్దో చేతివేలు చెబుతుంది: రెండు కణుపుల లోతు మట్టిలో దింపు, పొడిగా తగిలితేనే పొయ్యి. పోసినప్పుడు మాత్రం అడుగు చిల్లులోంచి కారేదాకా పొయ్యాలి. ఏప్రిల్, మే నెలల్లో మన నరసన్నపేట మేడలు పెనంలా కాలుతాయి కాబట్టి అప్పుడు రోజూ ఎండెక్కకముందే పొయ్యక తప్పదు. ముసురు పట్టినప్పుడు చెంబు ముట్టుకోకు.

పసుపు ఆకుల్లో తేడాలున్నాయి, అవి కూడా గమనించు. కింది ముదురాకులు మొత్తంగా పసుపెక్కితే ఆకలన్నమాట, నత్రజని చాలడం లేదు. చిగురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి, మధ్యనంతా పాలిపోతే ఇనుమో జింకో అందడం లేదు. మీ బోరునీళ్లకి బకెట్ అంచున తెల్లగా పేరుకుంటోందని నువ్వే అన్నావు. అలాంటి సున్నపు నీళ్లు పోస్తుంటే మట్టిలో ఉన్న ఇనుము కూడా వేరుకి అందదు. వానాకాలంలో చూరునీళ్లు డ్రమ్ములో పట్టుకో. ఎరువుల షాపులో సూక్ష్మపోషకాల పొడి దొరుకుతుంది, ప్యాకెట్ మీద రాసిన కొలత దాటకుండా ఆకులమీద చల్లు. పొలంలో చెట్టయితే వేరు చాచి తన తిండి తాను వెతుక్కుంటుంది. కుండీలో చెట్టుకి నువ్వే దిక్కు. అందుకే కోలుకున్నాక నెలకోసారి ఒక గుప్పెడు తెలకపిండి రెండురోజులు నానబెట్టి, బకెట్ నీళ్లలో పలచగా కలిపి పొయ్యి. ఇప్పుడు మాత్రం ఏమీ వెయ్యకు. జబ్బుమనిషికి విందు పెట్టం కదా.

రోజుకి ఆరుగంటల ఎండ లేకపోతే నిమ్మ పూత పట్టదు. నువ్వు నీళ్లట్యాంకు నీడలో పెట్టావు, అది సరికాదు. కోలుకునేదాకా పొద్దుటెండ చాలు, తరవాత బయటికి జరుపు.

ఆకుల మీద పిట్టరెట్టలాగ కనిపించే పురుగు నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. పెరిగి పచ్చబడ్డాక ముట్టుకుంటే ఎర్ర కొమ్ములు చాచి వాసన కొడుతుంది. దానికి మందులెందుకు, పుల్లతో తీసెయ్. నిమ్మ, కరివేపాకు, మారేడు ఒకే కుటుంబం కాబట్టి పక్కన కరివేపాకు ఉంటే దాన్నీ వెతుకు. చిగుళ్లలో వెండిగీతలు కనబడితే సాయంత్రంపూట లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి చల్లు. ఆకులమీద, కాయలమీద గరుకుగా గోధుమరంగు మచ్చలు, చుట్టూ పసుపు వలయం ఉంటే గజ్జితెగులు. వాన చినుకులతో పాకుతుంది, ఆ కొమ్మలు కోసి కాల్చెయ్. మళ్లీ ఎప్పుడైనా మొక్క కొంటే, తిరుపతి పరిశోధన కేంద్రం ఇచ్చిన బాలాజీ రకం అడుగు. గజ్జిని బాగా తట్టుకుంటుంది. అంటుమొక్కే తీసుకో, గింజమొక్కకి కాపు రావడానికి ఏళ్లు పడుతుంది.

పూత రాలిపోతోందని బెంగపెట్టుకోకు. వంద పూలు పూస్తే చాలావరకు రాలడమే దాని స్వభావం. నిలిచిన కాయ పండడానికి ఐదారు నెలలు పడుతుంది. 2022 వేసవిలో నిమ్మకాయ ఒక్కోటి పదిరూపాయలు పలికినప్పుడు మా గోడవార చెట్టు మా వీధి మొత్తానికి మజ్జిగలో పిండుకోను కాయలిచ్చింది.

ఆదివారం పొద్దున్నే వస్తాను. బాగా చివికిన గత్తం, జల్లెడపట్టిన వంశధార ఇసుక, రెండు గుప్పిళ్లు వేపపిండి నేనే పట్టుకొస్తాను. ఎర్రమన్ను నువ్వు చూసుంచు, ఇసుకకి రెండింతలు కావాలి. నల్లబడ్డ వేళ్లు కత్తిరించి, మట్టి మార్చుదాం. అంటు కట్టిన చోటు పైకి ఉండేలా నాటాలి, అదెలాగో చేత్తో పట్టుకుని చూపిస్తాను. అంతవరకూ ఒక్క చుక్క నీళ్లు పొయ్యకు.