త్రాసులో ఎవరి మాంసం?

అడవి జంతువుల మీద సినిమాలు తీసేవాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. కెమెరా ముందు ఏం జరిగినా వేలు పెట్టకూడదు. సింహం లేడిపిల్లను పట్టినా, పిట్టగూడు పాము పాలైనా చూస్తూ ఊరుకోవాల్సిందే. అంటార్కిటికాలోని అట్కా అఖాతం దగ్గర ఎంపరర్ పెంగ్విన్లను చిత్రీకరించిన బీబీసీ ‘డైనాస్టీస్’ బృందం ఆ కట్టుబాటు తప్పింది. తుపాను గాలికి కొన్ని పక్షులు పిల్లలతో సహా లోతైన మంచు గుంటలోకి జారిపోయాయి. గోడలు నిటారుగా ఉన్నాయి. ఒక తల్లి మాత్రం, పిల్లను కాళ్ల మీదే మోస్తూ, ముక్కును మంచులో గుచ్చి దాన్నే ఊతంగా చేసుకుని అంగుళం అంగుళం ఎక్కి బయటపడింది. మిగతావాటికి అది సాధ్యపడలేదు. చివరికి ఆ బృందం పారలు పట్టి, మంచులో ఏటవాలుగా చిన్న దారి చెక్కి, పక్కకు తప్పుకుంది. పక్షులు ఆ దారి పట్టి నడుచుకుంటూ పైకొచ్చేశాయి.

2018లో ఆ భాగం ప్రసారమైనప్పుడు దాని మీద చర్చ నడిచింది. మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. వాళ్ల వాదనలో బలం ఉంది కూడా. ఆ గుంట దగ్గర పెంగ్విన్ల కోసం కాచుకుని కూర్చున్న జంతువేదీ లేదు. వాటిని బతికిస్తే ఎవరి నోటి దగ్గరి కూడూ పోదు. ధర్మసంకటాల్లో ఇంత తేలికైనది మళ్లీ దొరకదు.

నాలుగేళ్లు తిరిగేసరికి అదే ఖండంలో ఇంకో చోట, పారలకు లొంగని ఆపద వచ్చింది. ఎంపరర్ పెంగ్విన్ సంసారమంతా ఒడ్డును అంటిపెట్టుకుని గడ్డకట్టిన సముద్రం మీదే. మగపక్షి చలికాలపు చీకట్లో రెండు నెలలకు పైగా గుడ్డును కాళ్ల మీద పెట్టుకుని, తిండి లేకుండా పొదుగుతుంది. పిల్లలకు మొదట వచ్చేది నూగు మాత్రమే. నీళ్లను ఆపే ఈకలు రావడానికి డిసెంబరు దాకా పడుతుంది. అందాకా కింద మంచు నిలవాలి. 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రంలో అది నిలవలేదు. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకి చెందిన పీటర్ ఫ్రెట్‌వెల్ బృందం 2023 ఆగస్టులో బయటపెట్టిన లెక్క ప్రకారం అక్కడి ఐదు కాలనీల్లో నాలుగింట ఆ ఏడాది ఒక్క పిల్ల కూడా బతికి ఉండకపోవచ్చు. ఇదంతా చూసింది ఉపగ్రహం. తెల్లటి మంచు మీద గోధుమరంగు రెట్టల మరక కనబడితే కాలనీ ఉన్నట్టు లెక్క. మంచు విరిగాక ఆ మరకలు కనబడటం మానేశాయి.

ఒక్క ఏడాది మంచు తగ్గుదలను పూర్తిగా భూతాపానికే కట్టబెట్టడం శాస్త్రవేత్తలకు ఇష్టం ఉండదు. గాలుల తీరు, సముద్రపు పోకడ కూడా అందులో ఉంటాయి. కానీ వేడి పెరిగేకొద్దీ ఇలాంటి ఏళ్లు ఎక్కువవుతాయన్నదానికి ఎదురు చెప్పేవాళ్లు దాదాపు లేరు. అలాంటప్పుడు ప్రకృతిలో వేలు పెట్టకూడదన్న పాత నియమం ఏ మొహంతో నిలబడుతుంది? చెయ్యంతా ఎప్పుడో పెట్టేశాక, వేలు పెట్టనని ఒట్టేయడం వింతగానే ఉంటుంది.

ఎవరూ పెంగ్విన్లను చంపాలనుకోలేదు కదా, ఇందులో పాపమెక్కడిది అనొచ్చు. ఈ ప్రశ్నను జైనులు చాలా ముందే పట్టుకున్నారు. ఉమాస్వాతి తన తత్త్వార్థసూత్రంలో హింసను నిర్వచించేటప్పుడు ఏమరుపాటుకు పెద్ద పీట వేశాడు. నేల చూసుకుంటూ నడిచే సన్యాసి కాలికింద చీమ పడితే ఒక లెక్క, చూడకుండా నడిచేవాడి కాలికింద పడితే ఇంకో లెక్క. వాతావరణ మార్పును అంచనా వేసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ తొలి నివేదిక వచ్చింది 1990లో. ఆ తర్వాత కాల్చిన ప్రతి టన్ను బొగ్గూ తెలిసి తెలిసీ నేల చూడకుండా వేసిన అడుగే.

ఎవరి అడుగు ఎంత అని కూడా ఇప్పుడు తేల్చి చెప్పొచ్చు. 2016లో డిర్క్ నోట్జ్, జూలియెన్ స్ట్రోవ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక లెక్క కట్టారు: గాలిలో కలిసే ప్రతి టన్ను కార్బన్ డయాక్సైడుకు ఆర్కిటిక్‌లో సెప్టెంబరు నాటి సముద్రపు మంచు సుమారు 3 చదరపు మీటర్లు కరిగిపోతుంది. గజాల్లో చెబితే తెలుగువాళ్లకు వెంటనే అర్థమవుతుంది: మూడున్నర గజాలు. సగటు భారతీయుడి వాటా ఏడాదికి దాదాపు రెండు టన్నులు, అంటే ఏడు గజాలు. సగటు అమెరికన్‌ది సుమారు 14 టన్నులు, యాభై గజాలు. హైదరాబాదు నుంచి డాలస్‌కు విమానంలో వెళ్లొస్తే ఒక్కో ప్రయాణికుడి లెక్కలో రెండు టన్నుల అటూ ఇటూ పడుతుంది. మనవడి అన్నప్రాసనకు వెళ్లొచ్చిన తాతగారు, ఇక్కడ సగటు మనిషి ఏడాదంతా కరిగించే మంచును ఆ ఒక్క ప్రయాణంలోనే కరిగించి వస్తారు. ఆయన్ని వెళ్లొద్దనడానికి ఎవరికీ నోరు రాదు. లెక్క మాత్రం లెక్కే.

మన నీతికథల్లో ఈ పరిస్థితికి సూటిగా పనికొచ్చేది శిబి చక్రవర్తి కథ. పావురం వచ్చి ఒళ్లో వాలింది, రాజు అభయమిచ్చాడు. అంతవరకే గుర్తుపెట్టుకుంటే అది దయ కథ. అసలు బిగువు డేగ మాటల్లో ఉంది. పావురాన్ని నువ్వు కాపాడితే ఆకలితో నేను చస్తాను, నన్ను నమ్ముకున్నవాళ్లూ చస్తారు, ఒకరి ధర్మాన్ని చెరిపే ధర్మం ధర్మమెలా అవుతుందని అది నిలదీస్తుంది. రాజు దగ్గర దానికి జవాబు లేదు. అందుకే త్రాసు తెప్పించాడు, తన తొడ కోశాడు.

ఈ కథలో ఒక చిక్కుంది. పావురం శరణు కోరింది. పెంగ్విన్ కోరదు, ధ్రువపు ఎలుగూ కోరదు. మన పురాణాల్లో దయ ఎక్కువగా శరణన్నవాళ్ల చుట్టూనే తిరుగుతుంది. అయితే గృహస్థు రోజూ చేయాల్సిన ఐదు యజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. కాకికో కుక్కకో చీమకో, అడిగినా అడక్కపోయినా, వచ్చేది ఏదో చూడకుండానే ముద్ద పెట్టాలి. కంటికి కనబడని జీవికి బాకీ ఉన్నామన్న ఆలోచన, కాబట్టి, బయటి నుంచి అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఆర్కిటిక్‌కి వస్తే డేగ ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. కెనడాలోని పశ్చిమ హడ్సన్ అఖాతంలో ధ్రువపు ఎలుగులు 2016లో 842 అని అంచనా, 2021లో 618. మంచు మీద నిలబడి సీల్‌ను పట్టడం వాటి బతుకు. మంచులేని రోజులు పెరిగితే పస్తులూ పెరుగుతాయి. ఆండ్రూ డెరోషర్, మరికొందరు శాస్త్రవేత్తలు 2013లో రాసిన పత్రంలో, అవసరమైతే వాటికి మనుషులే తిండి పెట్టే మార్గాన్నీ ఆలోచించి ఉంచుకోవాలన్నారు. వినడానికి బాగుంది. ఆ తిండి ఏ ఒంటి నుంచి రావాలి? సీల్‌దా, చేపదా, కోడిదా?

జంతువుల మీద జాలితో చేసిన పనుల్లో చాలావాటికి ఇదే జబ్బు. 1983లో యూరప్ సీల్ పిల్లల తోళ్లను నిషేధించింది, 2009లో దాదాపు అన్ని సీల్ సరుకులనూ. ఆర్కిటిక్ మూలవాసులైన ఇన్యూట్ వేటగాళ్లకు మినహాయింపు ఇచ్చామన్నారు. కానీ బజారే కూలిపోయాక మినహాయింపు దేనికి? తరతరాలుగా సీల్ మాంసం తిని, తోలు అమ్ముకుని బతికిన ఇళ్లలో ఆదాయం పడిపోయింది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, దయ యూరప్‌ది, కోసింది మాత్రం ఇన్యూట్‌ల తొడ. అదే ఇన్యూట్‌ల తరఫున షీలా వాట్-క్లూటియర్, మరో 62 మందితో కలిసి, 2005లో అమెరికా దేశాల మానవ హక్కుల కమిషన్‌కు అర్జీ పెట్టారు. అమెరికా పొగ తమ మంచును కరిగించి తమ హక్కులను హరిస్తోందన్నది వాళ్ల ఫిర్యాదు. మరుసటి ఏడాది కమిషన్ దాన్ని విచారణకు తీసుకోలేదు.

తొడ కోసుకోవడం అందరి వల్లా కాదు సరే. గోరు కత్తిరించుకున్నంత పని కూడా ఉంది: క్రిల్. రొయ్యలాంటి ఈ చిన్న జీవి పెంగ్విన్లకు, సీళ్లకు, తిమింగలాలకు కూడు. దాని పిల్లలు మంచు అడుగున పట్టే నాచు మీద బతుకుతాయి. అంటే మంచు తగ్గితే మొదటి దెబ్బ దానికే. అదే క్రిల్‌ను ఓడలు వలేసి పట్టి, పెంపకపు సాల్మన్ చేపలకు మేతగా, ఒమేగా-3 మాత్రలుగా మారుస్తున్నాయి. క్రిల్ ఒంట్లోకి ఆ ఒమేగా-3 వచ్చేది అది తినే నాచు నుంచే. నాచు నుంచి నేరుగా తీసిన నూనె మాత్రలు కూడా బజార్లో ఉన్నాయి. ఇక్కడ ఏ వేటగాడి ఇల్లూ గడవక ఆగిపోదు, డేగకు చెప్పాల్సిన జవాబూ లేదు.

అయినా 2024లో ఈ వేటను వేర్వేరు ప్రాంతాలకు పంచే నిబంధనను, అంటార్కిటిక్ వేట వ్యవహారం చూసే అంతర్జాతీయ కమిషన్ సభ్యదేశాలు పొడిగించుకోలేకపోయాయి. దాంతో 2025లో అంటార్కిటిక్ ద్వీపకల్పం వైపు ఓడలు గుమిగూడి, 6,20,000 టన్నుల పరిమితి గడువుకు ముందే నిండిపోయింది. వేట మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఆ కమిషన్‌లో భారత్‌తో సహా 27 మంది సభ్యులున్నారు. ఏ ఒక్కరు కాదన్నా నిర్ణయం ఆగిపోతుంది. 2016లో అందరూ ఒప్పుకోబట్టి రాస్ సముద్రంలో 15.5 లక్షల చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం వచ్చింది. తూర్పు అంటార్కిటికాలో, వెడెల్ సముద్రంలో అలాంటి రక్షిత ప్రాంతాలే పెట్టాలన్న ప్రతిపాదనలకు 2021లో భారత్ మద్దతు పలికింది. చైనా, రష్యా ఒప్పుకోకపోవడంతో అవి ఏటా హోబార్ట్‌లో జరిగే కమిషన్ సమావేశాల్లో చర్చకు వచ్చి వెనక్కి వెళ్తున్నాయి.