గంట మోగితే ఎవరొస్తారు?

“ఒక్కరేనా ఉండేది?” ఇల్లు వెతుక్కునే ఒంటరి స్త్రీకి అద్దె ఎంతో తెలియకముందే ఎదురయ్యే ప్రశ్న ఇది. హైదరాబాదులో నేనొకసారి ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అద్దె బాకీ లేదు. రాత్రిళ్ళు ఆలస్యంగా వస్తున్నానని పక్కవాటాల వాళ్ళు ఇంటివాళ్ళకి చెప్పారు, అంతే. నా పుస్తకాల మూటలు ట్రాలీ ఆటో ఎక్కుతుంటే చూస్తూ నిలబడ్డవాళ్ళు రోజూ పలకరించుకునే ఆడవాళ్ళే. ఇరుగుపొరుగు ఎవరి పక్షం అన్న ప్రశ్న అప్పటినుంచీ నన్ను వదలలేదు.

చరిత్రలో దీనికి మరో రకం జవాబు కూడా ఉంది. 1915లో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, స్కాట్లాండులోని గ్లాస్గో నగరానికి ఓడల, ఆయుధాల కర్మాగారాల్లో పనికోసం జనం వెల్లువలా వచ్చారు. గిరాకీ చూసి యజమానులు అద్దెలు పెంచారు. గోవన్ ప్రాంతంలో మేరీ బార్బర్ వంటి గృహిణులు వీధివీధినా కమిటీలు వేసుకుని, పెంచిన అద్దె కట్టబోమన్నారు. ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టు మనిషి వస్తే కాపలా ఉన్నావిడ గంట మోగించేది. వంట చేస్తున్నవాళ్ళు, బట్టలుతుకుతున్నవాళ్ళు ఎక్కడి పనులక్కడ వదిలేసి వచ్చి దారికి అడ్డంగా నిలబడేవారు. పిండి, తడిబట్టలు అతనిమీదికి విసిరేవారు. నవంబరు నాటికి సుమారు 20,000 మంది అద్దెదారులు సమ్మెలో చేరారు. డిసెంబరులో ప్రభుత్వం చట్టం చేసి, చిన్న ఇళ్ళ అద్దెలను 1914 ఆగస్టు నాటి స్థాయిలో నిలిపేసింది.

దీన్ని దానం అనలేం. దానం చేసేవాళ్ళు తమ గడపను భద్రంగా ఉంచుకునే చేస్తారు. ఈ స్త్రీలు తామూ అద్దె ఆపి, ఎవరికోసం నిలబడ్డారో ఆమెతో సమానంగా ప్రమాదంలోకి వచ్చారు. వాళ్ళను ఇంటికి కట్టిపడేసిన చాకిరీయే ఒకరి కష్టం మరొకరికి తెలిసేలా చేసింది. అలాగని ఆ చాకిరీని కీర్తించనక్కర్లేదు.

అయితే నన్ను ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. ఊరేగింపుల్లో పిల్లలు పట్టుకున్న అట్టలు, తమ తండ్రులు యుద్ధంలో ఉన్నారని చెప్పేవి. సైనికుడి భార్యను వీధిన పడేస్తారా అన్న మాట జనాన్ని కదిలించింది. మరి భర్త సైనికుడు కాని ఆమె? అసలు భర్తే లేని ఆమె? సానుభూతి ముందుగా అర్హత అడుగుతుంది. ఆమె ఎలాంటిది, ఎవరి మనిషి అని ఆరా తీస్తుంది. నా విషయంలోనూ అడిగింది ఆ ప్రశ్నే. నేను కొంతకాలం ఉన్నాక ఆ పరీక్ష తప్పాను. కులమో మతమో చెప్పగానే గేటు దగ్గరే వెనక్కి తిరిగేవాళ్ళకు ఆ అవకాశమూ లేదు.

గ్లాస్గో సమ్మె తర్వాత వచ్చిన చట్టం మాత్రం సైనికుల భార్యలకే పరిమితం కాలేదు. సానుభూతికీ హక్కుకీ ఉన్న తేడా అక్కడే ఉంది. లోపల ఉన్నావిడ మంచిదా కాదా అని గంట అడగదు.

ఈమధ్య మా పై వాటా వాళ్ళని ఖాళీ చేయమన్నారని తెలిసింది. ఎక్కడికి వెళతారు, ఎన్నాళ్ళు గడువు కావాలి, మనమంతా వెళ్ళి అడుగుదామా అని నేననలేదు. నా నోటినుంచి మొదట వచ్చిన మాట, “ఏం చేశారట?”