గంటల తూకము

2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినప్పుడు ముప్పదియేండ్ల అనుభవముగల ఆడిటరు కూడ మరల పలక పట్టవలసి వచ్చినది. అది న్యాయమే, ఆయన పొరపాటునకు జరిమానా చెల్లించువాడు వర్తకుడు గదా!

2023 నుండి 2025 వరకు మూడేండ్లకు, ప్రాక్టీసులో నున్న 60 ఏండ్లలోపు చార్టర్డు అకౌంటెంటు 120 గంటల శిక్షణ చూపవలెనని నియమము. పెద్ద సంస్థలో ఒకరు సభకు పోయిన నలుగురు పని చూతురు. చిన్న ఊరి ఆడిటరు ఒంటరి. రిటర్నుల గడువు ముంచుకొనివచ్చుచున్నను ఆఫీసు మూసి రైలెక్కవలెను. పోయిన దినపు రాబడి ఏ పద్దులో వ్రాయవలెను? కొన్ని గంటలు ఇంటనే కంప్యూటరు ముందు గడపవచ్చును. అచ్చట ఆవులించినను గంట గంటయే.

అంగడి త్రాసును తనిఖీ అధికారి ప్రమాణపు రాయి వేసి చూచి ముద్ర వేయును. ఎన్ని గంటలు వ్రేలాడినదని అడుగడు. ఆడిటరు కొత్త నిబంధన ప్రకారము వ్రాసిన ఒక్క రిటర్నును తోటివారు పరిశీలించి తప్పు చూపిన, ఆ రైలు ఖర్చు ఆయనకంత బరువనిపించదేమో.