పలుకలేని ఎఱుక



నేడు మీ యెదుట నా తప్పు నొకదానిని ఒప్పుకొని, దానివలన నేర్చిన పాఠమును విన్నవింపదలచితిని.

కొన్ని యేండ్ల క్రిందట మా పెద్దబావగారికి తలకు బలమైన దెబ్బ తగిలెను. మాటయు కదలికయు లేక ఆయన నెలల తరబడి మంచమున పడియుండిరి. మా అక్కగారు ప్రతిదినము ఉదయమున ఆయన ఎదపైనున్న ఇష్టలింగమునకు విభూతి పెట్టి, బిల్వపత్రి సమర్పించుచుండెడిది. ఆ పూజ ముగియుటయే తడవుగా బంధువులమందఱము ఆ మంచము చుట్టును చేరి, ఆయన అచ్చట లేనట్లే అప్పులను గూర్చియు, పొలము పంపకమును గూర్చియు మాటలాడుకొనెడివారము. “ఈయన కింకేమి తెలియును?” అని మొదట అన్నవాడను నేనే. కొంతకాలమునకు బావగారు లింగైక్యులైరి. నా మాట ఆయన చెవిని పడెనో లేదో నాకు నేటికిని తెలియదు. లింగమునకు ఉపచారము చేసితిమి. లింగమును ధరించినవానిని మఱచితిమి.

ఆ మాట నన్ను వదలక బాధించుచుండగా, ఎఱుకను గూర్చి శాస్త్రజ్ఞు లేమి కనుగొనిరో తెలిసికొనుటకు పూనుకొంటిని.

మానవుని మెదడునందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. అందు దాదాపు 6,900 కోట్లు తల వెనుక క్రిందిభాగమున నున్న చిన్నమెదడునందే యున్నవి. అయినను చిన్నమెదడు దెబ్బతిన్నచో నడక తడబడును, చేయి వణకును గాని ఎఱుక నశింపదు. మెదడు కాండమునందలి ఒక స్వల్పభాగము చెడినచో మాత్రము మనుష్యుడు కోమాలో పడవచ్చును. ఈ భాగము మేలుకొలుపు దీపము వంటిదని 1949లో మొరుజ్జీ, మగూన్ అను శాస్త్రజ్ఞుల ప్రయోగములవలన తెలియవచ్చెను. కావున ఎఱుక కణముల సంఖ్యనుబట్టి కలుగునది కాదు.

మఱియొక విశేషము. మేల్కొనియుండుట వేఱు, ఎఱుక కలిగియుండుట వేఱు. కొందఱు రోగులు కోమానుండి బయటపడి కన్నులు తెఱతురు, నిద్రింతురు, మేల్కాంతురు. కాని పిలిచినచో పలుకరు, చెప్పినది చేయరు. అట్టివారికి ఎఱుక లేదనియే వైద్యులు చిరకాలము తలంచిరి.

2006లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో ఏడ్రియన్ ఓవెన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఈ తలంపును పరీక్షించిరి. మోటారు ప్రమాదమున గాయపడి, ఐదు నెలలుగా ఈ స్థితిలోనున్న 23 ఏండ్ల యువతిని స్కానింగ్ యంత్రమున పరుండబెట్టి, “టెన్నిస్ ఆడుచున్నట్లు ఊహింపుము” అనిరి. మఱికొంత సేపటికి, “నీ యింటి గదులలో తిరుగుచున్నట్లు ఊహింపుము” అనిరి. ఆ రెండు ఊహలకును ఆమె మెదడునందు వేర్వేఱు భాగములు, ఆరోగ్యవంతుల మెదడునందు వలెనే, చైతన్యవంతము లయ్యెను. వ్రేలైనను కదలింపలేని యువతి చెప్పినమాట విని, గ్రహించి, మనస్సుతో బదులిచ్చెను!

2010లో ప్రకటితమైన మఱియొక పరిశోధనలో ఒక రోగి ఇట్లే ‘అవును’ అనుటకు టెన్నిసును, ‘కాదు’ అనుటకు ఇంటిని ఊహించి ప్రశ్నలకు ఉత్తరము లిచ్చెను. 2024లో ప్రకటితమైన పరిశోధనలో, మంచముకడ చెప్పిన దేదియు చేయలేని 241 మందిని పరీక్షింపగా, వారిలో 60 మంది మెదళ్లు ఆజ్ఞలకు బదులిచ్చెను. అనగా నలువురిలో ఒకరన్నమాట. ఆ పరిశోధనలోనే, పైకి స్పష్టముగా ఆజ్ఞలు పాటించిన 112 మందిలో 43 మంది మాత్రమే యంత్రపరీక్షలో బయటపడిరి. కావున యంత్రమునకు కానరానంత మాత్రమున ఎఱుక లేదని నిర్ణయింపరాదు.

ఇంతకును ఆ నాడీకణముల చలనమునుండి ‘నేను వినుచున్నాను’ అను అనుభవ మెట్లు పుట్టుచున్నది? 25 ఏండ్లలో ఇది తేలునని క్రిస్టాఫ్ కోఖ్ అను నాడీశాస్త్రజ్ఞుడు డేవిడ్ చామర్స్ అను తత్త్వవేత్తతో 1998లో పందెము వేసెను. 2023లో న్యూయార్కు నగరమున తన యోటమిని నిండుసభలో అంగీకరించెను. అట్టి వినయము మనకును అవసరము. శరణ సంప్రదాయమున ఎఱుకకు గురుస్థానము కలదు. అంతమాత్రమున ఈ పరిశోధన లన్నియు మనవారికి మునుపే తెలియునని జబ్బలు చఱచుకొనుట తగదు. ఆ యంత్రము శివుని చూపలేదు, ఆత్మను కొలువలేదు. ‘ఎవరును లేరు’ అని మనము తలుపు మూసిన యింట ఒకరు కూర్చుండి వినుచుండవచ్చునని మాత్రము చూపెను. అదియే మనకు చాలును.

కావున సోదరులారా, సోదరీమణులారా! మీ యింట పలుకలేనివా రుండినచో వారిని పేరుపెట్టియో వరుసపెట్టియో పిలువుడు. ప్రక్కకు ఒత్తిగిలజేయుటకు ముందు చెప్పి చేయుడు. ఖర్చుల లెక్కలను, పంపకముల తగవులను వారి గది వెలుపలనే ముగింపుడు. అందఱును తేఱుకొందురని నేను చెప్పుట లేదు. అట్టి యాస కల్పించుట ఆ కుటుంబమునకు ద్రోహము చేయుటయే యగును. తేఱుకొనకపోయినను వారు మనుష్యులే యనుచున్నాను. జవాబు వచ్చువానికే మర్యాద చేయుట వ్యాపారము. జవాబు రానివానికి చేయునదియే దాసోహము.

మా అక్కగారు పూజ ముగించి, మేము కూర్చుండుటకు ముందే, బావగారి చెవికడ వంగి ఆవు ఈనిన సంగతియు, మనుమడు నడచిన సంగతియు చెప్పుచుండెడిది. దుఃఖమున మతి తప్పినదని మేము జాలిపడితిమి. ఆమె ఏ శాస్త్రమును చదువలేదు. ఆ యింట తెలిసి నడచుకొన్నది ఆమె యొక్కతెయే.