ఎవరి పేరున కృతజ్ఞత?

కృతజ్ఞత అనే మాటలో అప్పు ప్రసక్తి లేదు. చేసినదాన్ని తెలిసి ఉండటమే కృతజ్ఞత. అయినా మనం వెంటనే "మీ ఋణం తీర్చుకోలేను" అంటాం. పుట్టుకతోనే మూడు ఋణాలుంటాయని తైత్తిరీయ సంహిత చెప్పింది. ఋషుల ఋణం బ్రహ్మచర్యంతో, దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో తీరుతాయట. ఆ ఋణగ్రస్తుడు మగవాడు, అందులోనూ బ్రాహ్మణుడు. ఇరుగుపొరుగుకు పడే బాకీ ఆ లెక్కలో లేదు. ఆడపిల్లల బాకీలు చాలావరకు అక్కడే ఉంటాయి మరి.

చేసినది తెలియాలంటే ముందు అది 'చేసినట్టు' కనబడాలి. చిక్కంతా అక్కడే.

1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. వెలి భయంతో వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేస్తే రాజ్యలక్ష్మి గోదావరి నుంచి నీళ్ళు మోసి వండిపెట్టారు. ఆయన ఉపన్యాసాలు అచ్చులో ఉన్నాయి. ఆ బిందెలు లెక్కపెట్టినవారు లేరు. మా వైపుకొస్తే, ఉన్నవ దంపతులు గుంటూరులో 1922లో శారదానికేతనం స్థాపించారు. 'మాలపల్లి' వెలువడిందీ ఆ ఏడే. సాహిత్య చరిత్రల్లో నవలకు పేజీలకు పేజీలు. ఆడపిల్లల చదువుకోసం పాటుపడిన లక్ష్మీబాయమ్మ మాత్రం తరచూ 'సతీమణి'గా ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది.

ఇవన్నీ చదివేటప్పుడు నా మనసు అప్పటి ప్రకాశం, ఇప్పటి బాపట్ల జిల్లా పర్చూరులో మా వీధికి పోతుంది. అక్కడున్న ఒక జంటతో నాకు ఏడేళ్ళ వయసు నుంచీ స్నేహం. చుట్టరికం లేదు, కులమూ ఒకటి కాదు, అయినా అత్తయ్య, మామయ్య. ఆయన తెలుగు మాష్టారు. ముందుగదిలో రెండు బీరువాల పుస్తకాలు. తాళంచెవి నా చేతికిచ్చారు. చదివినదాని మీద నాతో సమానంగా వాదించేవారు, ఓడిపోతే ఒప్పుకునేవారు. నేను సాహిత్యంలో డాక్టరేట్ చేయడానికి ఆయనే కారణమని ఊరంతా అంటుంది. నేనూ కాదనను. ఆ వాదనల్లో ఆయన ఒక్కసారైనా "నువ్వేమంటావు?" అని గుమ్మంలో నిలబడ్డ అత్తయ్యను అడగలేదన్నదీ నిజమే. ఆయనకు కృతజ్ఞురాలినే. అందుకోసం ఆ ఇద్దరినీ 'ఆదర్శ దంపతులు' చేయాల్సిన పని లేదు. ఆ మాట సన్మాన పత్రాలకు పనికొస్తుంది, భార్య పనిని చూడనీయదు.

అత్తయ్య చేసినది వేరు. ఎండాకాలం ముందు మిరపకాయలు కల్లంలో ఎండాక తాలుకాయలు ఏరాలి. చేతుల మంట రాత్రికీ చల్లారదు. నాకు పన్నెండేళ్ళు వచ్చేసరికి నా వంతూ మొదలైంది. ఆదివారాలు అత్తయ్య మా అమ్మతో "దాన్ని మా ఇంటికి పంపు, పనుంది" అనేది. వెళితే ఏ పనీ ఉండేది కాదు. "కూచుని చదువుకో" అని తను బయటికి పోయేది. మామయ్య చీరాలలో మీటింగులకు వెళ్ళే రోజులవి. ఆ పూట అత్తయ్య మా కల్లంలో నా వంతు కాయలు ఏరేదని ఆ మధ్య అమ్మ చెబితే తెలిసింది.

(ఆయన 'అనేవారు', ఆమె 'అనేది'. ఈ తేడా నేను చూడకపోలేదు. కానీ ఆ 'ది'లో మా ఇద్దరి చనువుంది. దాన్ని గౌరవం పేరుతో దిద్దబుద్ధి కాలేదు.)

అయితే కలిసి బతికినవాళ్ళు ఇచ్చినదాన్ని నేను విడదీయవచ్చా? అత్తయ్య ఒప్పుకోలేదు. "లెక్కలేంటే? చెబితే ఇద్దరికీ కలిపి చెప్పు. విడదీస్తే ఆయన నొచ్చుకుంటాడు" అంది. ఇది పితృస్వామ్యం నేర్పిన వినయం అని తేల్చేయడం మనకు తేలిక. నేనంత తేలిగ్గా అనలేను. ఆమె మాటను తోసేసి ఆమెకే కృతజ్ఞత చెప్పడం ఎలా? కానీ కలిపి చెబితే ఆ కృతజ్ఞత ఎవరి ఖాతాలో పడుతుందో ఊరంతా ఇదివరకే చూపించింది. తన పని బయటపడకుండా కాచే బాధ్యత కూడా ఆమె మీదే ఉండటం నాకు మింగుడు పడలేదు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు, ఆమె ఎదుటే మామయ్యకు చెప్పాను. ఆయనకు ఆ సంగతి తెలియదు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అత్తయ్య వైపు తిరిగి, "ఎన్నాళ్ళు ఏరావు?" అని అడిగారు.

"నాలుగు పంటలు" అంది.