చెయ్యి ఎప్పుడు తియ్యాలి

“ఎనిమిది నెలల పిల్ల తనంతట తాను నిద్రపోవాలన్నది ఎవరి అవసరం బాబూ? పిల్లదా, మీదా?”

అత్తయ్యగారు దెప్పడానికి అడిగిన మాట కాదిది. తెనాలిలో ఇంటర్మీడియెట్ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఎదుటివాడు తన మాట పూర్తిచేసేదాకా ఓపిగ్గా కూర్చోగలరు. మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో, జనవరి ఎండలు కాస్తున్న రోజుల్లో, తల్లీ పిల్లా పడుకున్నాక మా వంటింటి బల్ల దగ్గర నడిచిన సంభాషణ ఇది. పిల్లల్ని నిద్రకు అలవాటు చెయ్యడం మీద పుస్తకాలకు కొదవ లేదు. ఎలా చెయ్యాలో అన్నీ చెబుతాయి. ఏ హక్కుతో చేస్తున్నావని నన్నడిగింది మాత్రం ఆవిడే.

“ముందు మా అవసరమే” అన్నాను. “గంటకీ గంటన్నరకీ లేచి పాలిస్తే తప్ప పాప మళ్ళీ పడుకోదు. మీ అమ్మాయికి ఆకలి కూడా తెలియడం లేదు. కారు తాళాలు చేతిలో పట్టుకుని ఇల్లంతా వెతుకుతోంది. అలాంటప్పుడు తను కారు నడపడమంటేనే నాకు భయంగా ఉంటోంది.”

“నేనూ ఇద్దర్ని పెంచాను.”

“మీకు మీ అత్తగారున్నారు, ఆడపడుచులున్నారు, పక్కవాటా వాళ్ళున్నారు. పిల్ల ఒకరి ఒళ్ళోంచి ఇంకొకరి భుజం మీదికి వెళ్ళేది. ఇక్కడ నేను ఆఫీసుకెళితే మిగిలేది ఒక్క ఒడే కదండీ.”

“అంటే చేతులు చాలనిది పెద్దవాళ్ళకి. ఆ లోటు పూడ్చాల్సింది చంటిదా? ఇదెక్కడి న్యాయం?”

న్యాయం కాదన్నాను. ఇప్పటికీ అదే అంటాను. దేశం మారాలనుకున్నది మేం, పాప కాదు. కానీ అన్యాయమని ఒప్పుకున్నంత మాత్రాన అర్ధరాత్రి లేవడానికి ఇంకో మనిషి పుట్టుకురాడు. ఉన్న ఇంట్లో, ఉన్న ఇద్దరితో, పాప మీద పడే బరువు ఎంత తగ్గించగలమన్నదే మా చేతిలో ఉన్నది.

“సరే, ఇక్కడివాళ్ళు ఏం చెయ్యమంటున్నారు?”

విక్టోరియా రాష్ట్రంలో పుట్టిన ప్రతి బిడ్డనూ బడి ఈడు వచ్చేలోగా 10 సార్లు ప్రభుత్వ నర్సు చూస్తుంది. ఎనిమిదో నెలలో వెళ్ళినప్పుడు మాకు రెండు దారులు చెప్పింది. మొదటి దాంట్లో, పాపను కాట్‌లో పడుకోబెట్టి గదిలోంచి వచ్చెయ్యాలి. ఏడిస్తే కొన్ని నిమిషాలు ఆగి, వెళ్ళి ఓదార్చి, మళ్ళీ వచ్చెయ్యాలి. ఆగే నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. బోస్టన్ డాక్టరు రిచర్డ్ ఫెర్బర్ 1985లో రాసిన పుస్తకంతో ఇది అమెరికాలో ఇంటింటి మాటైంది. రెండోదాన్ని ఆస్ట్రేలియాలో ‘క్యాంపింగ్ ఔట్’ అంటారు. అందులో గది విడిచి రావడం ఉండదు. కాట్ పక్కనే కుర్చీ వేసుకుని మొదట్లో నిద్రపట్టేదాకా జోకొడతారు. కొన్ని రాత్రులయ్యాక జోకొట్టడం మాని ఊరికే చెయ్యి వేసి ఉంచుతారు. ఆ తర్వాత చెయ్యీ తీసేసి పక్కన కూర్చుంటారు. అక్కణ్ణుంచి కుర్చీని రెండు మూడు రాత్రులకోసారి కాస్త వెనక్కి జరుపుతూ తలుపు దాకా, చివరికి తలుపు అవతలికి. ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. రెండూ ఆరు నెలలు దాటిన పిల్లలకే.

“మొదటిది నాకు మింగుడుపడలేదు” అన్నారు ఆవిడ. “ఏడుపు ఆగిందంటే పిల్ల స్థిమితపడిందనా, ఇక ఎవరూ రారని తెలుసుకుందనా?”

ఇదే అనుమానం పరిశోధకులకూ వచ్చింది. 2012లో న్యూజిలాండ్‌లో 25 మంది పసిపిల్లల్ని చూశారు. మూడో రోజుకు ఏడుపు ఆగింది గానీ లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తగ్గలేదు. తల్లుల్లో మాత్రం తగ్గింది. పిల్ల నిశ్శబ్దంగా ఉంది కాబట్టి బాగుందనుకున్నారు తల్లులు. 2016లో అడిలైడ్‌లోని ఫ్లిండర్స్ యూనివర్సిటీ వాళ్ళు 43 మందిని చూస్తే కార్టిసాల్ పెరిగినట్టు కనపడలేదు, ఏడాది తర్వాత తల్లితో అనుబంధంలోనూ తేడా లేదు. రెండూ చిన్నవే. వీటి మీద ఆధారపడి ఎవరూ ఎవరినీ భయపెట్టకూడదు.

“ఇంకొంచెం పెద్దది ఈ ఊళ్ళోనే జరిగింది” అన్నాను. “ఏడు నెలల వయసులో నిద్ర సమస్య ఉందని తల్లులు చెప్పిన 326 మంది పిల్లలు. కొందరి తల్లులకు ఈ నర్సులే రెండు పద్ధతులూ నేర్పి, నచ్చింది ఎంచుకోమన్నారు. మిగిలినవాళ్ళకు మామూలు సలహాలే. నేర్చుకున్న ఇళ్ళల్లో పిల్లల నిద్ర మెరుగైంది, తల్లుల దిగులు తగ్గింది. పిల్లలకు ఆరేళ్ళొచ్చాక మళ్ళీ చూశారు. మనసు, నడవడిక, నిద్ర, తల్లిదండ్రులతో దగ్గరితనం, దేంట్లోనూ తేడా లేదు. 2012లో అచ్చయింది. హాని లేదని తేలింది కదా.”

“లాభం?”

“ఆరేళ్ళకి లాభమూ మిగల్లేదు.”

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“మీరు మొదటి సగం చెప్పి ఊరుకోబోయారు. నాకు రెండో సగమే ముఖ్యంగా తోస్తోంది. రేపటి మంచికోసం ఇవాళ కాస్త ఏడిస్తే ఏమవుతుందని సూది మందు వేయించేటప్పుడు అంటాం. అక్కడ రేపు ఉంది. ఇక్కడ రేపంటూ ఏమీ లేదని మీరే చెబుతున్నారు. అలాంటప్పుడు మంచి అలవాటనీ, ఆత్మవిశ్వాసమనీ, పిల్ల భవిష్యత్తనీ చెప్పుకోవడానికి వీల్లేదు. ఇవాళ తల్లి ఎలా ఉంది, ఇవాళ పిల్ల ఎలా ఉంది? ఇంతే కదా లెక్క?”

నేను చదివిందంతా ఆ మాటతో వేరేగా కనిపించింది. పిల్లల నిద్ర మీద పోట్లాడుకునే రెండు పక్షాలూ భవిష్యత్తు చూపించే బెదిరిస్తాయి. ఏడవనిస్తే మనసు విరిగిపోతుందని ఒకరు, ఎత్తుకుంటే ఎన్నటికీ నేర్చుకోదని ఇంకొకరు. భవిష్యత్తును పక్కన పెడితే ఇద్దరి బెదిరింపూ పోతుంది. బిడ్డను పక్కలో వేసుకుని ఏళ్ళ తరబడి పడుకునే తల్లి ఏ అపరాధమూ మోయనక్కర్లేదు. కుర్చీ జరిపిన తల్లీ మోయనక్కర్లేదు. మెల్లగా చెయ్యడంలో ఉన్న విలువ నాకు అప్పుడు అర్థమైంది. ముందుగా చేరుకుంటే దొరికేదేమీ లేనప్పుడు తొందరపడటానికి కారణమే లేదు. పిల్లకు ఈ రాత్రి భరించగలిగేటట్టు ఉండాలి, అంతే.

“ఇవాళ్టి మాటే అయితే ఆ ఒంటరితనం మాత్రం ఎందుకు నేర్పడం?” అన్నారు.

“బ్రిటిష్ పిల్లల డాక్టరు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1958లో ఒక వ్యాసం రాశాడండీ. ఒంటరిగా ఉండగలగడం ఒంటరిగా వదిలేస్తే రాదంటాడు. అమ్మ పక్కనే ఉండగా, అమ్మతో పనేమీ లేకుండా తన లోకంలో తానుండటంతో అది మొదలవుతుందట. ఒకరు ఉన్నారన్న ధీమాలోంచి పుడుతుందన్నమాట.”

ఇది ఆవిడకు నచ్చింది. “మా నాన్నగారు నాకు ఈత నేర్పింది కాలవలో. పొట్ట కింద చెయ్యి పెట్టి కాళ్ళూ చేతులూ ఆడించమనేవారు. ఆ చెయ్యి ఎప్పుడు తీశారో నాకు తెలియనే తెలియదు. చూసుకుంటే ఈదుతున్నాను.”

“అదేనండీ కుర్చీ పద్ధతి!”

“కాదు. నాన్నగారు చెయ్యి తీశారు గానీ నీళ్ళలోంచి గట్టెక్కి వెళ్ళిపోలేదు. మీ కుర్చీ తలుపు దాటుతుందన్నారు.”

జవాబు వెతుక్కుంటుండగా పాప కదిలిన చప్పుడైంది. మా ఆవిడ ఆ పూట రెండో గదిలో పడుకుంది. ఇద్దరం అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళాం. పాప కళ్ళు మూసే ఉన్నాయి. రెప్పల కింద గుడ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. చెంప పరుపుకేసి రుద్దుతూ మూలిగింది. పసిపిల్లల నిద్రలో ఇలాంటి కదిలే నిద్ర పాలు ఎక్కువ. దాన్ని మెలకువనుకుని ఎత్తుకుంటే నిజంగానే లేస్తారు. నేను చెయ్యి చాపబోతే అత్తయ్యగారు మణికట్టు పట్టుకుని ఆపారు. మూలుగు ఏడుపయ్యాకే ఆవిడ అరచెయ్యి పాప ఛాతీ మీద వేశారు. మొదట జోకొట్టారు. ఊపిరి నిదానించాక దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెంచారు. చివరికి చెయ్యి ఆగింది. అయినా తియ్యలేదు. చెయ్యి అక్కడే ఉంచి బరువు మాత్రం తగ్గించుకుంటూ వచ్చారు. వేళ్ళు చొక్కాకు తగులుతున్నాయో లేదో అన్నంతదాకా. ఆ తర్వాతే పైకి.

“ముందు బరువు తియ్యాలి, తర్వాత చెయ్యి” అన్నారు వంటింట్లోకొచ్చాక. “రెండూ ఒక్కసారే తీస్తే ఉలిక్కిపడతారు.”

“అందులోనే నాకూ మీకూ ఒక తేడా ఉందత్తయ్యగారూ. మీరు నిద్రపట్టాక తీశారు. కాలవలో మీ నాన్నగారూ మీకు తెలియకుండానే తీశారు. నర్సు నిద్ర పట్టకముందే తియ్యమంది, పాప చూస్తుండగా.”

“ఎందుకు?”

“పసివాళ్ళ నిద్ర ఒక్కో విడత గంట లోపే. ప్రతి విడత చివరా కాస్త పైకి తేలతారు. నిద్రలోకి జారేటప్పుడు నోట్లో రొమ్మో, ఒంటి మీద చెయ్యో ఉండి, తేలేసరికి లేకపోతే వెతుక్కుంటారు. దొంగచాటుగా తీసిన చెయ్యికోసం రాత్రంతా కాపలా కాస్తారన్నమాట. చూస్తుండగా తీసి, పక్కనే కూర్చుంటే, కళ్ళు తెరిచినప్పుడు లోకం పడుకునే ముందు ఉన్నట్టే ఉంటుంది.”

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. “మోసం లేదంటారు” అన్నారు చివరికి. “అది బాగుంది. పగలు దోబూచులాడించేది అందుకే కదా. మొహం కప్పుకుంటున్నామని పిల్లకు తెలుసు. తెలిసే ఎదురుచూస్తుంది.”

ఎనిమిదో నెల చుట్టూ పిల్లలకు కంటికి కనపడనిది కూడా ఎక్కడో ఉందని తెలియడం మొదలవుతుంది. అమ్మ గది దాటితే ఏడవడం ఆ వయసులో ఎక్కువయ్యేదీ అందుకే. అదివరకు కనపడని అమ్మ లేనేలేదు, ఇప్పుడు అమ్మ ఉంది, రావడం లేదు. అంత పెద్ద సంగతి కొత్తగా తెలుసుకున్న మనిషిని తలుపు అవతల నుంచి ఓదార్చాలన్న పట్టుదల నాలో ఆ మాటతో సడలింది. పక్క సురక్షితంగా ఉండాలి, పిల్ల కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే వేరే కాట్‌లో పడుకోవాలి అని ఇక్కడి రెడ్ నోస్ సంస్థ చెబుతుంది. ఆరు నెలల తర్వాత పంపించెయ్యమని ఎవరూ అనలేదు. కాట్ మా గదిలోనే ఉంటే కుర్చీ తలుపు దాటనక్కర్లేదు. మా మంచం దాకా జరిగితే చాలు.

“అప్పుడు నాన్నగారు నీళ్ళలోనే ఉన్నట్టు” అన్నారు అత్తయ్యగారు.

తర్వాతి విషయాలు త్వరగానే తేలాయి. ఆవిడ చీరతో ఉయ్యాల కడతానన్నారు. ఇక్కడి కప్పుకు దూలాలు కనపడవు, పైగా పసిపిల్లలను గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమమని చెబితే ఊరుకున్నారు. పడుకునే వేళ మీద మాత్రం నన్నే ఓడించారు. ఏడింటికల్లా పడుకోబెట్టాలని ఇక్కడ అందరూ అంటారు. జనవరిలో సూర్యుడు ఎనిమిదిన్నర దాటాకే అస్తమిస్తాడు. “పట్టపగలు పడుకోమంటే పిల్ల ఏడవక ఏం చేస్తుంది?” అన్నారు. 2010లో అచ్చయిన ఒక సర్వేలో 17 దేశాల్లో 29,287 మంది మూడేళ్ళలోపు పిల్లల నిద్రవేళలు లెక్కగట్టారు. న్యూజిలాండ్ పిల్లలు సగటున రాత్రి ఏడున్నర ప్రాంతంలో, హాంకాంగ్ పిల్లలు పది దాటాక పడుకుంటున్నారని తేలింది. ఏడింటిలో పవిత్రత ఏమీ లేదు. పిల్ల నిజంగా కునుకుపట్టే వేళ కనిపెట్టి అప్పుడే పడుకోబెట్టడం, కుదురుకున్నాక పావుగంట చొప్పున ముందుకు తేవడం కూడా ఒక మెత్తటి పద్ధతే. అడిలైడ్ వాళ్ళు పరీక్షించిన వాటిలో అదొకటి. పాప తొమ్మిదింటికి పడుకుంటుంది. తొమ్మిదికే మొదలుపెడతాం. పాలు ముందు హాల్లో, దీపాల వెలుతుర్లో. తర్వాత డైపరు, ఆ తర్వాత జోలపాట, చివరికి కాట్. పాట ఉంటుందని విని ఆవిడ ఊపిరి పీల్చుకున్నారు. కుర్చీలో నేను కూర్చుంటాను. వాళ్ళమ్మ కూర్చుంటే పాలవాసనకు పాప పడుకోదు.

“ఏడిస్తే?”

“చెయ్యి వేస్తాను. తగ్గకపోతే ఎత్తుకుంటాను. తగ్గాక మళ్ళీ పడుకోబెడతాను.”

“జ్వరమొస్తే, పళ్ళొస్తుంటే?”

“కుర్చీ మళ్ళీ కాట్ పక్కకే. ఆకలేస్తే రాత్రి పాలూ మానిపించం.”

“అంతా బాగానే ఉంది. మనిద్దరం కూర్చుని తేల్చేశాం. అమ్మాయినడిగారా?”

నర్సును అడిగింది తనేనన్నాను. కుర్చీలో నేను కూర్చుంటానన్న సంగతి ఇంకా చెప్పలేదన్నాను.

“పొద్దున్నే అడగండి. పాలు తనవి, నిద్ర తనది. ఇవాళ్టి లెక్కే లెక్క అనుకున్నాం కదా, ఆ లెక్కలో సగం తనే. పిల్లను పక్కలో వేసుకుంటేనే తనకు హాయిగా ఉందంటే మీ పద్ధతి మీ దగ్గరే ఉంచుకోండి. నర్సునడిగి అందులో క్షేమం ఏదో అది చూద్దాం.”

“వద్దంటే?”

“వద్దంటే కుర్చీ వంటింట్లోకి వచ్చేస్తుంది. మీరు మాత్రం రాత్రి లేవడం మానద్దు.”