కూలికి రెండు కొలతలా?

మార్కాపురం పేరు చెబితే ఒకప్పుడు తెలుగు పిల్లలకు పలక గుర్తొచ్చేది. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ తగ్గింది. ఇప్పుడు అదే రాయి గోడలకు, నేలకు పరిచే బిళ్లలుగా విదేశాలకు వెళుతోంది. ఆ కార్ఖానాల్లో సాధారణంగా కోత యంత్రం మగవాని చేతిలో ఉంటుంది. మోత, ఏరివేత, పెట్టెలకెత్తడం ఆడవారి వంతు. మొదటిదాన్ని పనితనం అంటాం, రెండవదాన్ని ఉత్త కూలి అంటాం. రాతిధూళి మాత్రం ఇద్దరి ఊపిరితిత్తుల్లోకీ ఒకేలా పోతుంది.

తేడా ఎందుకని అడిగితే మనవాళ్లలో కొందరు ధర్మం పేరే చెబుతారు. ఇల్లు పోషించే బాధ్యత పురుషునిది కదా, ఆమె సంపాదన పైఖర్చులకేగా అంటారు. మొదటి మాట నిజమే. కానీ భార్యను పోషించడం భర్త తీర్చవలసిన బాకీ. అది యజమానికి దొరికిన రాయితీ ఎలా అవుతుంది? పురుషులకు తాము సంపాదించినదానిలో, స్త్రీలకు తాము సంపాదించినదానిలో వాటా ఉందని దివ్య ఖుర్ఆన్ అన్-నిసా సూరా 32వ ఆయత్ తెలుపుతోంది. భర్త బతికున్నాడా, ఇంట్లో ఎంతమంది సంపాదిస్తున్నారన్న షరతు అక్కడ లేదు. ఇక రాతిధూళి భర్త ఊపిరి తీసేసిన ఇంట్లో 'పైఖర్చు' అన్న మాటకు అర్థమేముంది?

స్త్రీ చేతిపని మనకు కొత్త కాదు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తోళ్లు పదును చేసి, కుట్టి, ఆ సంపాదనను దానం చేసేవారు. మద్‌యన్ బావి దగ్గర పశువులతో నిలబడిన ఇద్దరు ఆడపిల్లలు తండ్రి ముసలివాడు గనుకే పనికి వచ్చారు. వారిని ఖుర్ఆన్ తప్పుపట్టలేదు. వారి పశువులకు నీళ్లు పెట్టిన మూసా (అ)ను ఆ తండ్రి పిలిపించింది ప్రతిఫలం ఇవ్వడానికే.

దేశ చట్టం కూడా ఈ మాట 1976లోనే చెప్పింది. అదే పని, అదే తరహా పని చేసే స్త్రీకి తక్కువ ఇవ్వరాదన్నది. ఇచ్చుకునే స్తోమత లేదన్న సాకు చెల్లదని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 నాటి వేతనాల కోడ్ కూడా స్త్రీపురుష భేదంతో వేతనం తగ్గించడాన్ని నిషేధించింది. అయితే ఆమెను యంత్రం దరిదాపులకు రానివ్వకుంటే పనులు వేరయిపోతాయి, చట్టం నోరు మూతపడుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఇందులో మన ఇళ్ల పాత్ర కూడా లేకపోలేదు. ఐటీఐ దరఖాస్తు ఇంటికొస్తే ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ అన్న వరుసలు కొడుకు కోసమే చదువుతాం. కూతురి విషయంలో పరదా, భద్రత గుర్తొస్తాయి. గుర్తురావాలి కూడా. వేరుగా మరుగుదొడ్డి ఉందా, పొద్దుపోతే ఇంటికి చేర్చే ఏర్పాటు ఉందా, మేస్త్రీ మాటతీరు ఎలాంటిది అని తండ్రి అడగవలసిందే. వాటికి జవాబు చెప్పవలసింది కార్ఖానా యజమాని. మనమేమో ఆ ప్రశ్నలు అతణ్ని అడగకుండా, అమ్మాయినే దరఖాస్తు పక్కన పెట్టేయమంటున్నాం.